దొరవారి జీపుకు వైర్‌లెస్ బిగించిన వైనం

మా మక్తా ప్రజల క్షేమం కోరి, ఆ ఊళ్ల శిస్తు తినే మక్తేదారు దొరవారు ఒక జీపు కొన్నారు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు లష్కర్‌లో దండువాళ్లు మిలిటరీ సామాను హరాజు వేస్తే అక్కడ పాడుకుని తెచ్చారు. గుట్టలెక్కుతుందట, వాగులు దాటుతుందట, ఎంత బురదైనా దానికి లెక్కలేదట. మా మక్తాలో గుట్టలకూ వాగులకూ బురదకూ ఎన్నడూ కొదవ లేదు, రోడ్డుకే కొదవ. రోడ్డు వేయించడం కన్నా రోడ్డు అక్కర్లేని బండి కొనడం తేలికని కనిపెట్టిన మొదటి ప్రభువు మా దొరవారే. ఆ తర్వాత ఎందరో ఆయన దారిలో నడిచారు.

జీపుతో పాటు రెండు వైర్‌లెస్ పెట్టెలు కూడా వచ్చాయి. ఒకటి జీపులో బిగించాలి, రెండోది శామీర్‌పేట చెరువు పక్కనున్న చావిడిలో పెట్టాలి. సంగతేమిటంటే, దొరవారు ఉండే గడి మేడ్చల్ వైపు ఉంది. భూముల దస్తరాలన్నీ చెరువు దగ్గరి చావిడిలో పేష్కారు సిద్దయ్యగారి చేతిలో ఉన్నాయి. నడుమ నాలుగు కోసుల దూరం. దొరవారి నోటి మాట సిద్దయ్యగారి చెవిన పడాలంటే దాన్ని రుక్కా కాగితం మీద రాసి, మొహరు వేసి, ఒక మనిషి చేతికిచ్చి ఉరికించాలి. తాతల నాటి నుంచి ఆ ఉరుకుడు మా ఇంటి హక్కు. ఆ హక్కుకు గాను చెరువు కింద రెండెకరాల మాన్యం మాకు రాసి ఉంది. ఆ రోజుల్లో ఉరికేది మా ఇంటాయన. పెనిమిటి పేరు నోటితో అనరాదు గానీ చేత్తో రాయరాదని ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను, గౌరయ్య. నేను గడి వాకిలి ఊడ్చేదాన్ని. అందువల్ల జరిగిందంతా చీపురు ఎత్తు నుంచి స్పష్టంగా చూశాను.

జీపు వచ్చిన మూడో రోజు ఊళ్లో దండోరా వేశారు. "దొరవారి జీపునకు మాట్లాడే మిషను బిగించబడును. మూడు నెలలు తప్పు లేక పనిచేసినచో కబురు మోయు కొలువు రద్దు కాబడును. సదరు కొలువు తాలూకు మాన్యము దొరవారి సొంత సాగులో కలుపుకొనబడును. ప్రజలు సంతోషించవలెను." ప్రజలు సంతోషించారు. మేమూ సంతోషించాము. సంతోషించనివాళ్ల పేర్లు రాసుకుంటారని విన్నాము.

బిగించే పనికి అల్వాల్ నుంచి ఒక ఉస్తాదును పిలిపించారు. యుద్ధంలో బర్మా దాకా పోయి వైర్‌లెస్ పని నేర్చినవాడు, అల్వాల్ చర్చిలో హార్మోనియం చెడిపోయినా వాడే బాగుచేయాలి. పేరు దానియేలు. తొడబుట్టిన తమ్ముడు, నాకే. మా రెండెకరాలను మింగే పెట్టెకు పళ్లు అమర్చడానికి మా పుట్టింటి నుంచే మనిషి రావడం దొరవారి అదృష్టం.

పని మొదలయ్యే ముందురోజు వాడు మా ఇంట్లోనే బువ్వ తిన్నాడు. నేను మెల్లగా అడిగాను.

"తమ్మీ, ఒక్క తీగ జర వదులుగ కట్టరాదుర?"

"బర్మాల బాంబులు వడ్తుంటె గూడ నేను తీగ వదులుగ కట్టలేదక్కా. గిప్పుడు నీ రెండెకరాలకు కట్టాల్నా?"

"గా బాంబు ఎవని మీదనో వడ్డది. గీ పెట్టె నా పొయ్యి మీద వడ్తాంది."

మా ఇంటాయన కాళ్లకు ఆముదం రాసుకుంటూ, "నువ్వు గట్టిగనే కట్టు బామ్మర్దీ. ఇరువై ఏండ్ల సంది ఉరుకుతున్న, నా కాళ్లు గూడ జర సల్లవడ్తయి" అన్నాడు.

"భూమి పోయినంక ఏం తింటవయ్యా, గా సల్లవడ్డ కాళ్లా?" అన్నాను. ఇద్దరూ నవ్వారు. మగవాళ్లకు కడుపు నిండిన తర్వాత ఆడదాని మాట హాస్యంగా వినిపిస్తుంది.

దానియేలు రెండు రోజులు పనిచేశాడు. ఎంత ముద్దుగా చేశాడో! దొరవారి సీటు వెనక ఇనుప పట్టీలు బిగించి, వాటి మీద పెట్టె కూర్చోబెట్టి, కుదుపు తగలకుండా కింద రబ్బరు ముక్కలు వేశాడు. బాటరీ నుంచి తీగ లాగి, అది ఇంజను వేడికి కాలకుండా గుడ్డ చుట్టాడు. జీపు వెనక మూలన నిలువెత్తు కన్నా పొడుగైన కడ్డీ నిలబెట్టాడు. దాన్ని ఏరియల్ అంటారట, మాటను గాలిలోకి విసిరేదీ గాలిలోంచి పట్టేదీ అదేనట. అంతకుముందే చావిడికి పోయి రెండో పెట్టె అమర్చి, సిద్దయ్యగారికి ఏ బొత్తాం ఎప్పుడు నొక్కాలో నేర్పి వచ్చాడు. మూడో రోజు పొద్దున ఇంజను నడిపించి, బొత్తాం నొక్కి పిలిచాడు. కాసేపు గరగర. ఆ తర్వాత మొగులు మీద నుంచి వచ్చినట్టు సిద్దయ్యగారి దగ్గు వినిపించింది. దాని వెనకే మాట.

"హలో... గిదేంది దానియేలూ, గిందులకెళ్లి దొర నన్ను జూస్తున్నరా? నేను కోటు ఏస్కోలేదు."

నాలుగు కోసుల అవతలి దగ్గు! దానియేలు ముఖం వెలిగిపోయింది. ఇంకేం, మాన్యం పోయింది అనుకున్నాను. కానీ నేను గడిని తక్కువ అంచనా వేశాను.

ఆ మధ్యాహ్నమే దొరవారు పెద్దమనుషులతో కలిసి జీపును పరిశీలించారు. మొట్టమొదట తేలిన లోపం పెట్టె కూర్చున్న చోటు. దొరవారి భుజానికి సమానంగా కూర్చునే అర్హత మా మక్తాలో ముగ్గురికే ఉంది, వారిలో పెట్టె లేదు. కనుక పట్టీలు ఊడదీసి దాన్ని కిందికి దించి, పాదాల దగ్గర, ఉమ్మితొట్టి పక్కన అమర్చారు. అయితే పెట్టె కిందుంటే దొరవారు మాట్లాడటానికి తల వంచాలి. దొరవారు తల వంచడం వారి వంశంలో లేదు. అందువల్ల మాట్లాడే గొట్టాన్ని వెండి పళ్లెంలో పెట్టి ఒక నౌకరు ఎత్తి పట్టుకోవాలని తీర్మానం జరిగింది. దానియేలు పళ్లు కొరుకుతూ తీగను రెండు మూరలు పొడిగించాడు.

ఇక కడ్డీ. దొరవారు తల మీద దస్తారు పెట్టుకుని జీపెక్కి కూర్చోగానే అందరూ ఒక్కసారిగా గమనించారు, కడ్డీ దస్తారు కన్నా ఎత్తుగా ఉంది. మా మక్తాలో దొరవారు కూర్చున్న చోట దస్తారును మించి ఏదీ నిలబడరాదు. గొడుగు పట్టేవాడు కూడా వంగి పట్టాలి. ఆ ఆచారాన్ని ఒక ఇనుప కడ్డీ పగటిపూట, పదిమంది ముందు ధిక్కరిస్తోంది.

"దాన్ని కొయ్యి" అన్నారు దొరవారు.

"దొరా, గది కోస్తె మాట పోదు, రాదు. పొడుగు తగ్గిద్దామంటె తగ్గేది కాదు, దానికో కొలత ఉన్నది" అన్నాడు దానియేలు.

"మా దస్తారుకు లేదా కొలత?"

కమ్మరి ఆకురాయి తెచ్చాడు. కడ్డీని జానెడు మిగిల్చి కోశారు. కోసిన ముక్కను దొరసానిగారు జామకాయలు కొట్టడానికి ఇప్పించుకున్నారు. నా తమ్ముడు ఆ జానెడు మొద్దును నిమురుతూ నిలబడ్డాడు. వాణ్ణి చూస్తే కడుపు తరుక్కుపోయింది, రెండెకరాలను తలచుకుంటే పండుగలా ఉంది. రెండూ ఒకే కడుపులో జరిగాయి.

శుభముహూర్తాన ప్రారంభోత్సవం చేశారు. పెట్టెకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు దాని మీదే చల్లారు. దానియేలు కళ్లు మూసుకుని తన దేవుణ్ణి తలుచుకున్నాడు. పెట్టె కోసమో, తన కోసమో నేను అడగలేదు. దొరవారు పళ్లెంలోని గొట్టం అందుకుని ఉపన్యసించారు.

"ఇయ్యాల్టి సంది మా హుకుముకు కాళ్లు అక్కర్లేదు, రెక్కలొచ్చినయి. మేము ఈడ దగ్గితె చెరువు కాడ వినవడ్తది. మేము ఈడ కోపం జేస్తె ఆడ భయపడ్తరు. ఇగ మక్తాల దూరమన్నదే లేదు. సిద్దయ్యా! వినవడ్డదా?"

పెట్టె గుర్రుమంది. అంతే. అప్పుడు ఒక పెద్దమనిషి ముందుకొచ్చి, "వినవడ్డది దొరా! చిత్తం అన్నడు" అన్నాడు. మరొకరు, "చిత్తం దొరా అన్నడు" అని సవరించారు. ఇంకొకరికి సిద్దయ్యగారు వంగి దండం పెట్టిన చప్పుడు కూడా వినిపించింది. అలా వరుసగా అందరికీ వినిపించింది. వరుస నా దాకా వచ్చింది. నాకూ వినిపించింది.

"ఏమోయ్ ఉస్తాదూ, నీకు వినవడలేదా?"

"దొరా, గా కడ్డీ..."

"కడ్డీ ముచ్చట అడగలె. వినవడ్డదా, లేదా?"

"మీకు వినవడ్డది గద దొరా. ఇంక నాదేముంది?"

"ఉస్తాదు ధ్రువీకరించినాడు" అని మున్షీ పుస్తకంలో రాసుకున్నాడు. పరీక్షా కాలం ఆ నిమిషం నుంచి మొదలు. పెట్టె బాగోగులు చూసుకోవడానికి దానియేలును ఆ మూడు నెలలూ గడిలోనే ఉంచేశారు.

మూడు నెలల పాటు వైర్‌లెస్ ఒక్కసారి కూడా తప్పలేదు. ఎలాగంటారా? పద్ధతి ప్రకారం.

చావిడిలో బాటరీ వృథా కాకూడదని సిద్దయ్యగారు పెట్టెను ఆపి ఉంచేవారు. కనుక దొరవారు మాట్లాడబోతున్నారని ముందుగా ఒకరు పోయి చెప్పాలి. మా ఇంటాయన ఉరికి చెప్పేవాడు. పెట్టె మీట వేశారన్న కబురు తిరిగి తీసుకురావాలి. మా ఇంటాయన ఉరికి తెచ్చేవాడు. అప్పుడు దొరవారు మాట్లాడేవారు. దానికి రెప్పపాటు కాలమే పట్టేది, వైర్‌లెస్ గొప్పతనం అదే. అటు తర్వాత, నోటి మాటకు మొహరు ఉండదు, మొహరు లేని హుకుం చావిడిలో చెల్లదు, కనుక అదే మాట రుక్కా మీద రాసి మొహరు వేసి పంపాలి. ఎవరి చేత పంపేవారో మీరు తెలివైనవాళ్లు, చెప్పనక్కర్లేదు. ఇదివరకు ఒక్క కబురుకు ఒక్క ఉరుకు. ఇప్పుడు ఒక్క కబురుకు మూడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవారు వినాలి, చెప్పడం ముగించినవారు "అయిపోయింది" అని బొత్తాం వదలాలి. ఇది దానియేలు నేర్పిన నియమం. మన ఇళ్లలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాము, దీపం ఆరితే కొండెక్కిందంటాము. అలాంటిది నిండు గడిలో, దొరవారి నోట, రోజూ "అయిపోయింది" అనిపిస్తాడా! దొరవారు అనలేదు, బొత్తామూ వదల్లేదు. అటు సిద్దయ్యగారు దొరవారి మాట అయిపోయిందో లేదో తెలియక, నడుమ మాట్లాడితే అమర్యాద అని, కోటు వేసుకుని, చేతులు కట్టుకుని పెట్టె ముందు నిలబడి పొద్దుపోయేదాకా ఎదురుచూసేవారు. ఏమీ వినపడకపోయినా పుస్తకంలో మాత్రం రోజూ రాసేవారు, "స్పష్టముగా వినబడినది" అని. కింద సంతకం. రుక్కా అందాక అందులో ఉన్నదే తాను విన్నట్టు పైన చేర్చేవారు.

పెట్టె పనిచేయాలంటే జీపు ఇంజను ఆడుతుండాలి. ఇంజను ఆడాలంటే పెట్రోలు కావాలి. పెట్రోలు రేషను. ఉన్న కూపన్లన్నీ జీపు నిలబడి మాట్లాడటానికే సరిపోయేవి, నడవడానికి మిగిలేవి కావు. అందువల్ల దొరవారు ఎక్కడికి పోయినా ఎడ్ల కచ్చురంలో పోయేవారు. గుట్టలెక్కే జీపు గడి వాకిట్లో ఒక్క అంగుళం కదలకుండా గుర్రుగుర్రుమంటూ దినమంతా కష్టపడేది. దాని చుట్టూ నేను ఊడ్చేదాన్ని.

చావిడిలో పెట్టెకు ఇంజను లేదు కదా, దాని బాటరీ వారానికోసారి అల్వాల్ పోయి నింపించుకుని రావాలి. ఆ బాటరీ చిన్న దూడ అంత బరువు. కబురు మోసేవాడే బాటరీ మోయాలని హుకుం. మా ఇంటాయన దాన్ని చుట్టకుదురు మీద నెత్తిన పెట్టుకుని తూంకుంట మీదుగా నడిచేవాడు. దారిలో జనం, "ఏం గౌరయ్యా, గదేంది?" అని అడిగితే, "నా పని తక్కువ జేసే మిషను" అని చెప్పేవాడు. నవ్వించడానికి చెప్పింది కాదు, ఉన్న మాట.

ఒక మాపు ఆయన పాదాల పగుళ్లలో మైనం నింపుతూ అన్నాను. "నువ్వు ఉరికిన కొద్దీ గా పెట్టె పనిచేస్తాందని రాస్తున్నరు. నీ కాళ్లతోనే నీ భూమిని తొక్కుకుంటున్నవు. ఒక్కరోజు ఉరుకకు."

"ఉరుకకుంటె కొలువు ఎగ్గొట్టిండని ఇయ్యాల్నే గుంజుకుంటరు. ఉరికితె మూడు నెలలకు గుంజుకుంటరు. పంట చేతికొచ్చేదాంక ఉరుకుతనే" అన్నాడు.

మూడు నెలలు నిండిన రోజు గడిలో విందు. ఇరుగుపొరుగు మక్తేదారులు, వారి బంధువులు వైర్‌లెస్ వింత చూడటానికి వచ్చారు. దొరవారు గొట్టం అందుకుని, "సిద్దయ్యా, చెరువుల నుంచి రెండు కొర్రమీనులు తోలియ్యి" అన్నారు. పెట్టె గుర్రుమంది. అతిథులు ఒక గుక్క షర్బత్ తాగేలోపు మా ఇంటాయన చెమటలు కారుతూ, బుట్టలో కొట్టుకుంటున్న రెండు కొర్రమీనులతో వాకిట్లోకి వచ్చాడు. రుక్కా ముందురోజే పోయిందని అతిథులకు ఎవరు చెబుతారు? వాకిలి చప్పట్లతో దద్దరిల్లింది. చేపలు కూడా వచ్చే వైర్‌లెస్ తమకూ ఒకటి బిగించిపెట్టమని ఒక అతిథిగారు దానియేలును బతిమాలారు.

ఆ చప్పట్ల వేడిలో దొరవారు లేచి నిలబడ్డారు. "ఇంత మిషను ఉండగ ఇంక ఉరికేటోడు ఎందుకు? సిద్దయ్యా! మా హుకుం విను. గౌరయ్య కొలువు ఇయ్యాల్టితోని రద్దు. మాన్యం రెండెకరాలు దస్తరంల వాని పేరు కొట్టేసి మా సాగుల కలుపు."

పెట్టె గుర్రుమంది. "చిత్తం అన్నడు!" అన్నారు అందరూ, అతిథులతో సహా. ఈ మాటు నాకేమీ వినపడలేదని అరవాలనిపించింది. కానీ మొదటి రోజు వినపడిందన్న నోరు కదా, అది లేవలేదు.

అలవాటు ప్రకారం మున్షీ రుక్కా రాశాడు. దొరవారు మొహరు వేశారు. మా ఇంటాయన ముందు చాపారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నీ బాంచెను దొరా. నా కొలువు గిప్పుడే తీసేస్తిరి గద. కొలువు లేనోడు మొహరు కాగితం ముడితె తప్పైతది."

దొరవారు చుట్టూ చూశారు. మిగతా నౌకర్లంతా ఒక అడుగు వెనక్కి వేశారు. ఒక ఇంటి హక్కు పనిని ఇంకో ఇంటివాడు ముట్టుకుంటే కులంలో తప్పు పడుతుంది, ఆ సంగతి దొరవారికీ తెలుసు. అప్పుడు షర్బత్ తాగుతున్న అతిథిగారు అమాయకంగా అడిగారు.

"రుక్కా ఎందుకుల్లా? ఇప్పుడే అందుల జెప్తిరి గద! చిత్తం గూడ అనె!"

దొరవారు అతిథిని చూశారు, పెట్టెను చూశారు, జానెడు కడ్డీని చూశారు. మెల్లగా రుక్కాను మడిచి పాన్‌దాన్ కింద పెట్టుకున్నారు. "అవును, ఎందుకు?" అన్నారు.

అది అక్కడే ఉండిపోయింది. అతిథుల ముందు అంత మాట అన్నాక మర్నాడు పంపితే వైర్‌లెస్ పనిచేయలేదని ఒప్పుకున్నట్టు. దొరవారు తామే పోయి చెబితే తమ కబురు తామే మోసినట్టు. అటు సిద్దయ్యగారికి సంగతి రెండు రోజుల్లో చేపలవాళ్ల నోట తెలిసింది. తెలిసి ఏం లాభం? మొహరు లేని మాట చెల్లదు. నాకు వినపడలేదు, మళ్లీ చెప్పండి అని అడిగితే మూడు నెలల సంతకాలు మెడకు చుట్టుకుంటాయి. కనుక ఆ రోజు పేజీలో కూడా "స్పష్టముగా వినబడినది" అని రాసి, ఏమి వినబడిందో రాయకుండా, పుస్తకం మూశారు. దస్తరంలో రెండెకరాలు గౌరయ్య పేరు మీదే నిలిచాయి.

దానియేలు మూట కట్టుకున్నాడు. "నీ భూమి మిగిలిందక్కా, గదే సంతోషం. చెడ్డ పనికి తిట్లు తినొచ్చు. చెడగొట్టిన పనికి చప్పట్లు తినుడు నాతోని కాదు" అని అల్వాల్ వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి రెండేళ్లు చెరువు కింది రైతుల అదృష్టం. ఉరికేవాడు లేడు కనుక దొరవారి హుకుం ఒక్కటీ అటు రాలేదు. తూము ఎప్పుడు ఎత్తాలో రైతులే చూసుకున్నారు. వరి ఎన్నడూ లేనంత బాగా పండింది. వైర్‌లెస్ వల్ల పరిపాలన మెరుగుపడిందని దొరవారు చెప్పుకున్నారు. అందులో అబద్ధం లేదు.

పోలీసు చర్య జరిగింది. మరుసటి ఏడు జాగీర్లు, మక్తాలు పోయాయి. కొత్త సర్కారు నుంచి ఒక అధికారి వచ్చారు. చదువుకున్నాయన, మంచాయన, మాతో సమానంగా చాప మీద కూర్చున్నారు. ఊరికి ఏమేమి లేవో చెప్పండి, రాసుకుంటాను అన్నారు. టపా కచేరీ లేదు, ఉత్తరం తెచ్చే మనిషి లేడు అని చెప్పాము. ఆయన పాత దస్తరాలు తిరగేశారు. తిరగేసిన కొద్దీ ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"మీకు వైర్‌లెస్ ఉందే! ఒక్క తప్పు లేకుండా నడిచిందని రాసి ఉంది. నిజమేనా?"

అందరూ మా ఇంటాయన వైపు చూశారు. ఆయన నా వైపు చూశాడు. దస్తరంలో ఆ పేజీ అబద్ధమైతే, ఆ పేజీని నమ్ముకుని నిలిచిన రెండెకరాల సంగతి మళ్లీ పైకి వస్తుంది. పాన్‌దాన్ కింది కాగితం ఎక్కడుందో ఎవరికి తెలుసు?

"మస్తు వినవడ్తది సాబ్" అన్నాడు మా ఇంటాయన. సిద్దయ్యగారు, "స్పష్టంగా" అన్నారు. ఊరంతా తలలూపింది. ఇంత ముందుకు పోయిన ఊరికి ఉత్తరాల మనిషి అక్కర్లేదని, ఆ మనిషిని వెనకబడిన ఊరికి ఇస్తామని అధికారి మెచ్చుకుంటూ రాసుకున్నారు. తొమ్మిదేళ్లు మాకు ఉత్తరం రాలేదు.

ఆ రోజు నిజం చెప్పేవాడు ఒకడు ఆ చాప మీదే ఉన్నాడు. నా తమ్ముడే, పాత పెట్టెను విప్పి తీసుకుపోదామని అల్వాల్ నుంచి వచ్చి, నా పక్కనే కూర్చున్నాడు. నోరు కూడా తెరిచాడు. నేను వాడి కాలు తొక్కి పట్టాను.

మీరంతా నిజమే మాట్లాడేవాళ్లని నాకు తెలుసు. అయినా ఈసారి మీ ఊళ్లో అన్నీ సక్రమంగా పనిచేస్తున్నాయని ఎవరైనా రాసుకుంటుంటే, ఒకసారి కిందికి చూసుకోండి, మీ కాలు ఎవరి కాలి మీద ఉందో.